అమ్మ గదిలో దీపం, అన్నయ్య అడిగే 95

ఈ వారం ఉత్తరం హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటున్న ఒక కూతురు రాసింది. పేరు వెయ్యొద్దన్నారు. ఏడు పేజీల ఉత్తరంలోంచి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను.

వాళ్లమ్మగారికి 73 ఏళ్లు. తెనాలి దగ్గర పల్లెటూరు. కాపురానికి వచ్చిన నాటి నుంచి గ్యాసు పొయ్యి కొనేదాకా, ముప్పై ఏళ్లకు పైగా కట్టెల పొయ్యి ముందే కూర్చుని వండారు. బీడీ, చుట్ట ఎరగని మనిషి. అయినా ఊపిరితిత్తులు పాడయ్యాయి, సీఓపీడీ అన్నారు, అంటే గాలి గొట్టాలు సన్నబడి ఊపిరి సరిగా ఆడనివ్వని దీర్ఘకాలపు జబ్బు. నాన్నగారు పోయాక రెండేళ్లుగా గుంటూరు దగ్గర ఒక వృద్ధాశ్రమంలో ఉంటున్నారు. ఆరు నెలల కిందట ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేరితే, ఇంటికి పంపేటప్పుడు డాక్టరుగారు నిమిషానికి 2 లీటర్ల చొప్పున రోజుకు కనీసం 15 గంటలు ఆక్సిజన్ పెట్టుకోమన్నారు. అమెరికాలో ఉన్న అన్నయ్య 2021లో, కరోనా రెండో వేవ్ అప్పుడు కొని పెట్టిన, గదిలో గాలినుంచే ఆక్సిజన్ తీసి ఇచ్చే కాన్సంట్రేటర్ మిషన్‌ని ఆశ్రమానికి పంపించారు. ఒక సిలిండరు కూడా తెప్పించి పెట్టారు.

మొన్న పండక్కి ఈ అమ్మాయి వెళ్లి ఒక రాత్రి అమ్మ గదిలోనే పడుకుంది. చూసినవన్నీ రాసింది. సాయంత్రం అమ్మ ముక్కుకి గొట్టం ఉండగానే మంచం పక్కన అలమరలో దేవుడి పటానికి దీపం వెలిగించారు. పక్క మంచం ఆవిడ దోమల చుట్ట ముట్టించింది. సిలిండరు తలుపు వెనక గోడకి చేరేసి ఉంది, దాని మెడకి తడి తువ్వాలు ఆరేసి ఉంది. రాత్రి ఆయమ్మ అమ్మ తలకి కొబ్బరినూనె రాసి, అదే చేత్తో సిలిండరు మీటరు తిప్పి చూసింది. తొమ్మిదింటికి అన్నయ్య వీడియో కాల్ చేశారు. రక్తంలో ఆక్సిజన్ శాతం చూపించే పల్సాక్సీ మీటరు వేలికి పెట్టి ఫోను ముందు చూపిస్తే 90 అని ఉంది. "95 రావాలి కదా, ఏం చూసుకుంటున్నారు మీరు?" అని ఆయమ్మ మీద కేకలేశారు. ఆమె మిషన్ మీద పిడి తిప్పి 2ని 5 చేసింది. నంబరు 96కి వెళ్లింది. అందరూ నిశ్చింతగా పడుకున్నారు.

"గట్టిగా అడిగితే మీ అమ్మని తీసుకెళ్లిపొమ్మంటారేమో. నాది రెండు గదుల ఇల్లు, మేమిద్దరం ఉద్యోగాలకు పోతాం. అన్నయ్యతో చెబితే డబ్బు పంపేది నేను, నంబరు కూడా అడగకూడదా అంటాడు. దీపం వద్దంటే అమ్మ రాత్రంతా ఏడ్చింది. నేనేం చెయ్యను?" ఇదీ ప్రశ్న.

అమ్మా, మీ ఉత్తరం నాలుగో పేజీ చివర్న, దీపం సంగతికీ పరుపు సంగతికీ మధ్యన ఒక మాట రాసి వదిలేశారు. "ఈ మధ్య అమ్మ పొద్దున్నే తలనొప్పి అంటోంది, పగలంతా తూగుతోంది, కాఫీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి వణుకుతోంది" అని. ముప్పై ఏళ్లు ఆసుపత్రుల్లో సిస్టరుగా పనిచేసిన నాకు అన్నిటికంటే ముందు కనపడింది ఆ వాక్యమే. మిగతావన్నీ తర్వాత చూసుకోవచ్చు. దీనికి మాత్రం ఈ వారంలోనే అమ్మగారిని ఛాతీ డాక్టరుకి చూపించండి. చేతి మణికట్టు దగ్గర ధమని నుంచి కొద్దిగా రక్తం తీసి చేసే పరీక్ష ఒకటుంది, ఏబీజీ అంటారు. అది చేయించమని మీరే అడగండి.

ఎందుకో చెబుతాను. మనం పీల్చేది ఆక్సిజన్, వదిలేది కార్బన్ డయాక్సైడ్. సీఓపీడీ బాగా ముదిరిన కొందరిలో వదలాల్సినది పూర్తిగా బయటికి పోదు. అలాంటివాళ్లకి ఆక్సిజన్ మోతాదు మించితే లోపల కార్బన్ డయాక్సైడ్ ఇంకా పేరుకుంటుంది. పొద్దున్నే తలనొప్పి, మత్తు, తికమక, చేతులు వణకడం దాని గుర్తులు. ముదిరితే స్పృహ తప్పుతుంది. వేలికి పెట్టే మీటరు ఆక్సిజన్‌నే చూపిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ సంగతి దానికి తెలియదు. అందుకే నంబరు 96 అని వెలుగుతున్నా మనిషి మత్తులోకి జారిపోతూ ఉండొచ్చు. ఇలాంటి ప్రమాదం ఉన్న సీఓపీడీ వాళ్లకి డాక్టర్లు పెట్టుకునే లక్ష్యం మామూలుగా 88 నుంచి 92. మీ అన్నయ్య అడిగే 95, ఏ జబ్బూ లేని ఊపిరితిత్తుల లెక్క. ఆ రాత్రి 2 లీటర్ల మీద వచ్చిన 90 మీ అమ్మగారికి బహుశా సరైన నంబరే. ఆవిడకి ఎంత ఉండాలన్నది డాక్టరుగారే చెప్పాలి, చీటీ మీద రాసి ఇవ్వమనండి.

ఇది చదివి కంగారుపడి ఆశ్రమానికి ఫోను చేసి "ఆక్సిజన్ తీసేయండి" అని మాత్రం చెప్పకండి. ఉన్నట్టుండి ఆపేస్తే నంబరు ముందున్న దానికంటే కిందికి పడిపోయే ప్రమాదం ఉంది. ఈరోజే డాక్టరుగారికి ఫోను చేసి, రాత్రిపూట 5 పెడుతున్నారన్న సంగతీ, ఈ తలనొప్పీ మత్తూ సంగతీ చెప్పి, ఎలా తగ్గించాలో ఆయన్నే అడగండి. డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు అమ్మగారు పిలిస్తే పలక్కపోయినా, పెదాలు నీలంగా మారినా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేక రొప్పుతున్నా 108కి ఫోను చేసి తీసుకెళ్లాల్సిందే. ఆ మాట రాత్రి డ్యూటీ వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు ఆయమ్మ సంగతి. మీ ఉత్తరంలో ఆవిడ మీద కోపం ఉంది, నాకది అర్థమవుతుంది. కానీ ఆవిడ స్థానంలో నిలబడి చూడండి. పన్నెండు మందిని ఒక్కతే చూసుకుంటుందని మీరే రాశారు. రోజూ రాత్రి ఒక పెద్దమనిషి సముద్రాల అవతల నుంచి నంబరు అడిగి కేకలేస్తాడు. పిడి తిప్పితే కేకలు ఆగుతాయి. ఎవరైనా తిప్పుతారు. ఆక్సిజన్ అంటే గాలే కదా, ఎక్కువైతే మంచిదే కదా అనుకుంటుంది పాపం. ఇది మాత్రలాగా మోతాదు ఉన్న మందు అని ఆవిడకి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. బీపీ మాత్ర ఒకటి వేయమంటే రెండున్నర వేసే ధైర్యం ఆవిడకి ఉండదు. ఆక్సిజన్‌కి ఆ భయం లేకుండా పోయింది.

అందుకని ఆదివారం వెళ్లినప్పుడు ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని మిషన్ చూపించండి. గాజు గొట్టంలో చిన్న బంతి తేలుతూ ఉంటుంది. కళ్లకు ఎదురుగా పెట్టుకుని చూస్తే ఆ బంతి నడుమ భాగం 2 గీత మీద ఉండాలి. పైనుంచి వంగి చూస్తే తప్పు కనపడుతుంది. డాక్టరుగారు చెప్పిన గీత దగ్గర ఎర్ర టేపు ముక్క అంటించి "ఇది డాక్టరు అనుమతి లేకుండా దాటొద్దు" అని తెలుగులో రాసి పెట్టండి. వేలి మీటరు రీడింగు ఎప్పుడు చూడాలో కూడా చెప్పండి. స్నానం చేసి వచ్చిన వెంటనే, బాత్రూముకి నడిచి వచ్చిన వెంటనే చూస్తే తక్కువే చూపిస్తుంది. చల్లబడిన వేలికి, గోళ్ల రంగు వేసిన వేలికి సరిగ్గా చూపించదు. అయిదు నిమిషాలు కూర్చోబెట్టి, చెయ్యి వెచ్చగా రుద్ది, అంకె నిలకడగా ఆగేదాకా ఉండి రాసుకోవాలి.

అన్నయ్యతో గొడవ పడొద్దు. ఆయనకీ అమ్మే. దూరంగా ఉన్నవాళ్లకి చేతికి దొరికేది ఆ ఒక్క నంబరే, అందుకే దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. డాక్టరుగారి దగ్గరికి వెళ్లిన రోజు అన్నయ్యని వీడియోలో కూర్చోబెట్టి, "మా అమ్మకి ఎంత ఉండాలండీ" అన్న ప్రశ్న ఆయన చేతే అడిగించండి. మీ నోటి నుంచి వస్తే చెల్లెలి మాట, డాక్టరు నోటి నుంచి వస్తే వైద్యం. తర్వాత అన్నయ్యకి అడగడానికి మంచి ప్రశ్నలు అందించండి. ఈరోజు ఎన్ని గంటలు పెట్టుకుంది? పొద్దున తలనొప్పి ఉందా? ఫిల్టరు కడిగారా? ఈ ప్రశ్నలు రోజూ అడిగితే ఆశ్రమం వాళ్లు కూడా జాగ్రత్తగా ఉంటారు.

గంటల సంగతి కూడా తేలిగ్గా తీసుకునేది కాదు. ఎవరైనా చూడ్డానికి వస్తే సిగ్గుపడి అమ్మ గొట్టం తీసేస్తున్నారని రాశారు. ఆ 15 గంటల మాట డాక్టరు నోటికొచ్చి చెప్పింది కాదు. రక్తంలో ఆక్సిజన్ బాగా పడిపోయిన సీఓపీడీ రోగుల మీద బ్రిటన్‌లో చేసిన పరిశోధన 1981లో వచ్చింది. రోజుకు 15 గంటలు పెట్టుకున్నవాళ్లు, అసలు పెట్టుకోని వాళ్లకంటే ఎక్కువ కాలం బతికారు. ఆయాసం వచ్చినప్పుడు అరగంట, అన్నయ్య ఫోను చేసినప్పుడు పది నిమిషాలు పెట్టుకుంటే ఆ మేలు దక్కదు. గొట్టం ఎందుకు తీసేస్తున్నారో కనుక్కోండి. చాలామందికి సిగ్గుకంటే నొప్పే కారణం. చెవుల వెనక చూడండి, గొట్టం ఒరుసుకుని ఎర్రగా పుండు పడి ఉంటుంది. అక్కడ మెత్తటి గాజుగుడ్డ మడత పెడితే సరిపోతుంది. ముక్కు ఎండిపోతే వేజలీన్ రాయకండి, నీటితో చేసిన జెల్ మందుల షాపులో దొరుకుతుంది.

వేజలీన్ ఎందుకు వద్దన్నానో చెప్పాలంటే దీపం దగ్గరికి రావాలి.

ఆక్సిజన్ తనంతట తాను మండదు. మండే ప్రతిదాన్నీ రెచ్చగొడుతుంది. గొట్టంలోంచి వచ్చేదంతా ముక్కులోకే పోదు, చాలా భాగం చీర మడతల్లో, జుట్టులో, దిండులో, దుప్పటిలో నిండిపోతుంది. నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఒక పెద్దాయన మంచం దగ్గర, వాసన పోవాలని బంధువులు అగరొత్తి వెలిగించారు. ఆయన ముక్కు గొట్టం తీసి ఒళ్లో పెట్టుకుని ఇడ్లీ తింటున్నారు, ఆక్సిజన్ వస్తూనే ఉంది. అగరొత్తి నిప్పు తునక ఒకటి దుప్పటి మీద పడింది. మామూలు రోజుల్లో అయితే ఒక నల్ల మచ్చ పడి ఆరిపోతుంది. ఆరోజు భగ్గుమంది. చేతిలో ఇడ్లీ ప్లేటు అలాగే ఉంది, మీసమూ కనుబొమలూ కాలిపోయాయి. సిలిండరు కట్టేసి, ఆయన్ని కిందికి లాగి, తడి దుప్పటి కప్పాం. ప్రాణం దక్కింది. ఇప్పటికీ ఆక్సిజన్ ఉన్న గదిలో అగరొత్తి వాసన వస్తే నా గుండె ఝల్లుమంటుంది.

అందుకే దీపం, హారతి కర్పూరం, అగరొత్తి, దోమల చుట్ట, బీడీ, గ్యాసు స్టవ్వు, ఏదైనా సరే ఆక్సిజన్‌కి కనీసం పది అడుగుల దూరంలో ఉండాలి. చిన్న గది అయితే ఆ గదిలోనే వద్దు. కొబ్బరినూనె, వేజలీన్, తలనొప్పి బామ్‌లు అన్నీ జిడ్డు సరుకులే, అవి ముఖానికీ ముక్కుకీ రాసుకుని గొట్టం పెట్టుకోకూడదు. సిలిండరు దగ్గర జిడ్డు ఇంకా ప్రమాదం. లోపల గాలి విపరీతమైన ఒత్తిడి మీద ఉంటుంది, వాల్వు దగ్గర నూనె మరక ఉంటే నిప్పు లేకుండానే అంటుకోవచ్చు. తల దువ్విన చేతిని సబ్బుతో కడుక్కుని తుడుచుకున్నాకే మీటరు ముట్టుకోవాలని ఆయమ్మకి చెప్పండి. గొట్టం తీసిన ప్రతిసారీ మిషన్ ఆపాలి, మంచం మీద పడేసి వదలకూడదు. దోమలకి కిటికీ జాలీ కొట్టించండి. ఆ పొగ అమ్మగారి ఊపిరితిత్తులకి కట్టెల పొగంత చేటు.

ఇక అమ్మగారి దీపం. "వద్దు" అన్న ఒక్క మాటతో తీసేసే వస్తువు కాదది. ఇల్లు పోయింది, వంటిల్లు పోయింది, భర్త పోయారు, ఇన్నేళ్లలో ఆవిడ చేతిలో మిగిలిన పని ఆ సాయంత్రం దీపం ఒక్కటే. మూడు దార్లు కనిపిస్తున్నాయి నాకు. ఆశ్రమం హాల్లో పూజ మందిరం ఉందని రాశారు, అక్కడ ఆవిడ పేరున ఎవరైనా దీపం వెలిగిస్తే ఆవిడ గొట్టంతోనే దూరంగా కుర్చీలో కూర్చుని దణ్ణం పెట్టుకోవచ్చు. గదిలోనే కావాలంటే బ్యాటరీ దీపం, స్విచ్ ఆవిడ చేతికే ఇవ్వండి. లేదూ, తన చేత్తోనే నూనె దీపం వెలిగించాలంటే, కాసేపు ఆక్సిజన్ లేకుండా ఉండొచ్చో లేదో డాక్టరుని అడగండి. ఆయన సరేనంటే మిషన్ ఆపి, గాలి ఆడే చోట ఇరవై నిమిషాలు కూర్చుని, చీరలో నిండిన ఆక్సిజన్ పోయాక మందిరం దగ్గరికి తీసుకెళ్లాలి. మూడోది శ్రమతో కూడింది. తొందర్లో ఉన్న ఆయమ్మ ఆ ఇరవై నిమిషాలూ ఆగుతుందా అన్నది మీకే తెలియాలి, అనుమానం ఉంటే మొదటి రెండిట్లో ఒకటి అమ్మగారినే ఎంచుకోమనండి.

మిషన్ సంగతి. 2021లో కొన్నది కదా, కంపెనీ సర్వీసు మనిషిని పిలిపించి ఎంత శాతం ఆక్సిజన్ ఇస్తోందో కొలిపించండి. గదిలో గాలి పీల్చి, అందులో నైట్రోజన్‌ని తీసేసి, 90 శాతానికి పైగా ఆక్సిజన్ ఇవ్వాలది. లోపలి జల్లెడ పాతబడితేనో, ఫిల్టరు దుమ్ముతో మూసుకుంటేనో నీళ్ల సీసాలో బుడగలు వస్తూనే ఉంటాయి, ఆక్సిజన్ మాత్రం తగ్గిపోతుంది. బుడగలు చూసి మోసపోవద్దు. బయటి స్పాంజి ఫిల్టరు వారానికోసారి కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. మిషన్ గోడకీ కర్టెనుకీ అడుగు దూరం ఉండాలి, పైన బట్టలు ఆరేయకూడదు. నీళ్ల సీసా ఉంటే రోజూ కడిగి డిస్టిల్డ్ వాటరు గానీ కాచి చల్లార్చిన నీళ్లు గానీ పోయాలి. 2 లీటర్లకి అసలా సీసా అవసరం లేకపోవచ్చు, డాక్టరుని అడిగి తీసేస్తే ఒక పని తగ్గుతుంది. గొట్టం రాత్రి బాత్రూము దారికి అడ్డం పడకుండా గోడ వారగా పోనివ్వండి. ఆశ్రమాల్లో తుంటి ఎముక విరగడానికి అదొక్కటి చాలు.

సిలిండరుని తలుపు వెనకనుంచి తీసి, నిటారుగా నిలబెట్టి, గోడకి గొలుసు వేయించండి. పడి వాల్వు విరిగితే బాణంలా దూసుకుపోతుంది. అది కరెంటు పోయినప్పటి కోసం. 2021 మేలో తిరుపతిలో ఒక ఆసుపత్రిలో కొద్ది నిమిషాలు ఆక్సిజన్ ఒత్తిడి పడిపోయినందుకు 11 మంది పోయిన సంగతి మనకి గుర్తే. మీ అమ్మగారిది అంత విషమ స్థితి కాదు, అయినా గుంటూరు వేసవిలో కరెంటు నమ్ముకోలేం. లెక్క తేలికే. బీ టైపు సిలిండరు నిండుగా ఉంటే సుమారు 1500 లీటర్లు. నిమిషానికి 2 లీటర్ల మీద పన్నెండున్నర గంటలు వస్తుంది. 5 మీద పెడితే అయిదు గంటలే. ముల్లు సగానికి దిగితే గంటలూ సగమే. ముల్లు ఎక్కడుందో రోజూ పుస్తకంలో రాయమనండి, సగం దాటగానే నింపించమనండి.

మీ పెద్ద ప్రశ్న మిగిలింది. అమ్మ అక్కడే ఉండాలా?

అక్కడే ఉంచితే లాభం ఉంది. రెండేళ్లుగా అలవాటైన మనుషులు, సొంత ప్రాంతం గాలి, మాట్లాడుకునే తోడు. డాక్టరు చీటీ నకలు గోడకి అంటించి, మేనేజరుగారితో "మీ మీద ఫిర్యాదు కాదండీ, మనిద్దరికీ రేపు మాట రాకుండా రాసుకుందాం" అని మొదలుపెడితే చాలామంది ఒప్పుకుంటారు. అగ్ని ప్రమాదం జరిగితే పోయేది మీ అమ్మ గది ఒక్కటే కాదని వాళ్లకీ తెలుసు. కానీ ఆయమ్మలు మారుతుంటారు, కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరికీ మళ్లీ చెప్పాలి, మీరు నెలకి రెండుసార్లయినా చెప్పకుండా వెళ్లి చూడాలి. అంత ఓపిక ఉందా అన్నది మీరు ఆలోచించుకోవాలి.

రాత్రింబవళ్లు నర్సు ఉండే చోటికి మార్చడం రెండో దారి. ఖర్చు పెరుగుతుంది, కొత్త చోట కొన్నాళ్లు దిగులు తప్పదు. ఏబీజీలో కార్బన్ డయాక్సైడ్ బాగా ఎక్కువని తేలితే, రాత్రిపూట ఊపిరికి సాయం చేసే మాస్కు మిషన్ కూడా కావాలంటే, అప్పుడిదే మేలనిపించవచ్చు. అన్నయ్య డబ్బు ఇక్కడ నిజంగా పనికొస్తుంది. చేర్చేముందు రాత్రి డ్యూటీలో ఎవరుంటారో అడిగి, రాత్రి ఎనిమిది తర్వాత ఒకసారి వెళ్లి చూడండి. పగలు అన్ని చోట్లూ బాగానే ఉంటాయి.

మీ ఇంటికి తెచ్చుకోవడం మూడోది. ప్రేమ ఉంది, స్థలం లేదు, పగలంతా ఇంట్లో మనిషి లేరు. పనిమనిషిని పెట్టినా ఇవే పాఠాలు ఆవిడకీ చెప్పాలి, వంటింటి స్టవ్వు ఇంకా దగ్గరవుతుంది. తెచ్చుకోలేకపోతే అది మీ తప్పు కాదమ్మా. ఉత్తరంలో మూడుసార్లు క్షమించమని అడిగారు, ఎవర్ని అడుగుతున్నారో నాకు అర్థం కాలేదు.

మేనేజరు అస్సలు వినకపోతే పెద్దల కోసం ప్రభుత్వ సహాయ నంబరు 14567 ఉంది. అక్కడ చెప్పుకుంటే పట్టించుకుంటారు, కానీ ఆ తర్వాత అదే ఆశ్రమంలో అమ్మని ఉంచడం మీకే ఇబ్బంది కావచ్చు. ముందు మాటతో ప్రయత్నించండి.

ఆదివారం వెళ్లేటప్పుడు సంచిలో ఎర్ర టేపు, గాజుగుడ్డ, ఒక నోటు పుస్తకం, బ్యాటరీ దీపం పెట్టుకోండి. ఆయమ్మకి ఒక చీర కూడా. పరీక్ష రిపోర్టు వచ్చాక నాకు మళ్లీ రాయండి, అందులో కార్బన్ డయాక్సైడ్ అంకె ఎంతో మర్చిపోకుండా రాయండి.